మంచు దారికి మేకుల టైర్లు

లేహ్ నుంచి,
ఆగస్టు 2003

బావా, వందనాలు.

జ్వరం పూర్తిగా తగ్గిందా? తగ్గకపోతే దవాఖానాకు పో. సూది వేసే పెళ్ళాం ఊళ్ళో లేదు కదా అని మాత్రలతో సరిపెట్టుకోకు.

ఈ ఎత్తుకు ఇప్పుడు అలవాటు పడ్డాను. వచ్చిన కొత్తలో కాస్త మెట్లెక్కితే చాలు, ఊపిరి అందేది కాదు. మా దవాఖానా లేహ్ పట్నానికి దూరంగా, సింధు నది ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో ఉంది. డాక్టరమ్మ, నేను, ఒక కాంపౌండరు, ఒక పాత జీపు. చుట్టూ చెట్టన్నది లేని కొండలు. మణుగూరు అడవిలో పెరిగిన నా కళ్ళకు మొదట్లో అవి బట్టల్లేకుండా నిలబడ్డ మనుషుల్లా కనిపించేవి. ఇప్పుడు ఆ సిగ్గు కూడా పోయింది.

నీతో ఒక పని పడింది. నవ్వకుండా చదువు. నాకు సైకిలు టైర్లు ఒక జత కావాలి. మామూలువి కాదు. టైరు చుట్టూ మేకులు దింపి ఉండాలి, మొనలు బయటికి.

ఇక్కడ చలికాలంలో కాలువల నీళ్ళు పొంగి రోడ్డు మీదికొచ్చి అక్కడే గడ్డకట్టిపోతాయట. రోడ్డంతా అద్దం పరిచినట్టు ఉంటుందట. మామూలు టైరు దాని మీద ఆగదు. మేకులుంటే అవి మంచులోకి దిగి పట్టుకుంటాయి. ఎండాకాలంలో సైకిలు మీద దేశాలు తిరిగే తెల్లాయన ఒకాయన కాలికి కట్టు కట్టించుకోడానికి మా దగ్గరికొచ్చాడు. వాళ్ళ దేశంలో ఇలాంటి టైర్లు ఇళ్ళలోనే చేసుకుంటారని చెప్పి, మందుల చీటీ వెనక బొమ్మ గీశాడు. ఆ బొమ్మ ఇందులో పెడుతున్నాను. లేహ్‌లో సైకిల్ షాపాయన్ని అడిగితే నన్ను ఎగాదిగా చూసి, చలికాలంలో షాపే మూసేస్తామన్నాడు.

కాంపౌండరుది పెద్ద సైకిలు ఒకటి ఇక్కడ ఉంది. నువ్వు కిరాయికిచ్చే వాటిలాంటిదే, ఇరవై ఎనిమిది సైజు. ఆ సైజులో చేసి పంపు. పార్సిలు రావడానికి చాలా రోజులు పడుతుంది, కాబట్టి ఆలస్యం చేయకు.

హోటలు చిన్నక్కను అడిగానని చెప్పు.

నీ
మహిమ


మణుగూరు,
సెప్టెంబరు

మహీ,

జ్వరం తగ్గింది. నీ ఉత్తరం చదివాక మళ్ళీ వస్తుందేమో అనిపించింది.

షాపులోనే విప్పి చదివాను. గని వర్క్‌షాపులో డ్యూటీ దిగి హాతీరాం నా ముందు కూర్చుని టీ తాగుతున్నాడు. నా మొహం చూసి "ఏందిరా, ఏమన్న కీడు వార్తనా?" అన్నాడు. చదవమని అతనికే ఇచ్చాను. చదివి, కాగితాన్ని తిప్పి బొమ్మ చూసి, "చెల్లె తమాష చేస్తుంది లే" అన్నాడు. నువ్వు తమాషా చేసి చాలా రోజులైందని అతనికి తెలియదు.

పొద్దున షాపు తీస్తే రాత్రి మూసేదాకా నా పనే టైర్లలోంచి మేకులు పీకడం. బొగ్గు లారీలు పోయే రోడ్డు కదా, దొరకని ఇనుము లేదు. ఇప్పుడు నా చేత్తో నేనే మేకులు దింపాలా? దింపితే లోపల ట్యూబు ఏమవుతుంది? ఆ బొమ్మలో మేకు లోపల్నుంచి బయటికొచ్చిందో, బయట్నుంచి లోపలికి పోయిందో నాకు అర్థం కాలేదు. హాతీరాంకూ అర్థం కాలేదు. టైరుకు సన్న గొలుసు చుడితే పోదా?

ఇంకో సంగతి, అసలైనది. ఈ టైర్లు ఎవరు తొక్కడానికి? నువ్వు అక్టోబరు ఆఖరుకు వచ్చేస్తానన్నావు. క్రిస్మస్ ఇక్కడే అన్నావు. ఆ రోడ్డు మీద నీళ్ళు గడ్డకట్టేనాటికి నువ్వు మన ఇంట్లో ఉంటావు కదా.

ఫోను చేసి అడుగుదామని బూత్ దాకా పోయాను. మన ఒప్పందం గుర్తొచ్చి తిరిగొచ్చాను. నిజమే, మీటరు తిరుగుతుంటే మనం మాట్లాడలేం. నువ్వు ఏడుస్తావు, నేను ఊరుకుంటాను. కాగితం మీదే చెప్పు.

జస్టిన్


లేహ్,
సెప్టెంబరు ఆఖరు

బావా,

గొలుసు పనికిరాదు. కాంపౌండరు ఒకసారి తాడు చుట్టి చూశాడట, అది ఫోర్కులో ఇరుక్కుని ముందుకు పల్టీ కొట్టాడట. మేకు లోపల్నుంచే బయటికి రావాలి. తల లోపల, మొన బయట. లోపల తలల మీద పాత ట్యూబు కోసి పట్టీలా అతికిస్తే అసలు ట్యూబుకు గుచ్చుకోదని తెల్లాయన అన్నాడు. బొమ్మలో ఆ అడ్డగీత అదే. నాకు అర్థమైనంత వరకు ఇదీ. నువ్వు చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది.

ఎందుకో చెబుతాను. నది వెంట పైకి పోతే ఇంకో ఊరుంది. అక్కడ డోల్మా అని నా వయసు ఆమె ఉంది. పోయిన చలికాలంలో ఆమెకు నొప్పులొచ్చాయి. మనిషి పరిగెత్తుకొచ్చి దవాఖానాలో చెప్పాడు. జీపులో డీజిలు గడ్డకట్టి ఉంది. ఇంజను కింద మంట పెట్టి, అది కదిలేసరికి పొద్దు వాలిపోయింది. అప్పుడున్న నర్సు వెళ్ళేటప్పటికి బిడ్డ పోయింది. డోల్మా మళ్ళీ కడుపుతో ఉంది, జనవరిలో నెలలు నిండుతాయి. చూపించుకోడానికి వచ్చినప్పుడల్లా నా చెయ్యి పట్టుకుని ఒకటే అడుగుతుంది. "నర్సమ్మా, ఈసారి వస్తావా?"

జీపును నమ్మలేను. నడిస్తే ఆ మంచు మీద సగం రోజు. అందుకే సైకిలు.

పెద్ద చలి ఇంకా రాలేదు కానీ తెల్లవారుజామున కాలువ అంచుల్లో సన్నగా మంచు పొర కడుతోంది. నువ్వు రాత్రి అన్నం ఎక్కడ తింటున్నావు? చిన్నక్క హోటల్లో రోజూ తింటే కడుపు పాడవుతుంది.

మహిమ


మణుగూరు,
అక్టోబరు

మహీ,

నా ప్రశ్నకు నువ్వు జవాబు రాయలేదు. ఉత్తరం రెండుసార్లు తిరగేసి వెతికాను. "ఈసారి వస్తావా" అని ఆమె అడిగితే నువ్వేమన్నావో కూడా రాయలేదు.

సరే. టైర్ల సంగతి.

మొదట మామూలు మేకులే కొట్టాను. గాలి నింపి సైకిలెక్కి షాపు ముందు కొంచెం తొక్కానో లేదో, నా బరువుకు మేకులన్నీ లోపలికి తన్నుకుపోయి ట్యూబు టపాకాయలా పేలింది. చిన్నక్క హోటల్లోంచి అందరూ బయటికొచ్చారు. మేకు నిలవదని అప్పుడు తెలిసింది. మర ఉన్న స్క్రూ అయితే రబ్బరును పట్టుకుంటుందని హాతీరాం అన్నాడు. చదునైన తలలున్న పొట్టి స్క్రూలు తెచ్చాం. టైరు మీద ఎత్తుగా ఉన్న దిమ్మల్లో డ్రిల్లుతో సన్నటి రంధ్రాలు వేసి, లోపల్నుంచి తిప్పాం. మొనలు మరీ పొడుగ్గా వస్తే ఫోర్కుకు తగులుతున్నాయి. వాటిని కోసి, ఆకురాయితో రుద్ది, బియ్యపు గింజంత బయటికి ఉండేలా చేశాను. లోపల పాత ట్యూబు పట్టీ, సొల్యూషన్ పూసి రెండు పొరలు. రోజూ సాయంత్రం కిరాయి సైకిళ్ళు తిరిగొచ్చాక ఇదే పని. వేళ్ళ కొనలు చిల్లులు పడ్డాయి.

చేసింది పనికొస్తుందో లేదో ఎట్లా తెలియాలి? నేనెప్పుడైనా మంచు చూశానా? నాకు తెలిసిన మంచు సోడాలో వేసే ఐసు ముక్క. అందుకని ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు బండి మీద వేయించుకొచ్చాం. ఊక దులిపి, షాపు వెనక వరసగా పరిచాం. మామూలు టైరుతో ఎక్కాను, ఎక్కినంత సేపు పట్టలేదు పడ్డానికి. తర్వాత నీ టైర్లు బిగించాను. మహీ, కరకరమని చప్పుడు చేస్తూ పోయింది! బ్రేకు వేస్తే ఆగింది. హాతీరాం ఈల వేశాడు. నేను మళ్ళీ మళ్ళీ తొక్కాను. ఎండకు దిమ్మలు కరుగుతున్నాయి, నీళ్ళ మీద కొంచెం జారుతోంది. మీ దగ్గర మంచు తడిగా ఉంటుందా, పొడిగా ఉంటుందా? అది రాయి.

చిన్నక్క నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తోంది. "జస్టినూ, పిచ్చి గిట్ల లేచిందా? గింత ఎండల ఐసు మీద సైకిల్ తొక్కుడేంది?"

"మహిమ చెల్లె కోసం అక్కా. ఆడ సలికాలం రోడ్డు గిట్లనే ఉంటదంట" అని హాతీరాం చెప్పాడు.

"అయితే పిల్ల పండుగకు రాదా?" అంది చిన్నక్క.

హాతీరాం నా వైపు చూశాడు. నేను సైకిలు దిగాను. పండుగకు నువ్వు వస్తున్నావని ఆమెకు చెప్పింది నేనే. చర్చిలో ఫాదర్‌కు చెప్పింది కూడా నేనే.

టైర్లు పార్సిలు చేశాను. ముందు చక్రానికి వేసేదానికి ఎర్ర దారం కట్టాను, దానికి మొనలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. మడ్‌గార్డులు విప్పేయండి. గాలి గట్టిగా కొట్టవద్దు. మలుపులో పక్కకు వాలవద్దు. మంచు లేని బోసి రోడ్డు మీద తొక్కితే మొనలు అరిగిపోతాయి.

వస్తున్నావా, లేదా?

జస్టిన్


లేహ్,
నవంబరు

బావా,

టైర్లు వచ్చాయి. మంచు పొడిగా ఉంటుంది, ఎముకలా. నీళ్ళు ఉండవు.

కాంపౌండరు, నేను కలిసి బిగించాం. మొదటిసారి కాలువ పొంగిన చోట తొక్కాను. అది ఎట్లా పట్టుకుందో చెప్పలేను. ఎవరో కింద నుంచి చక్రాన్ని చేత్తో పట్టుకుని నడిపిస్తున్నట్టు ఉంది. అవతలికి పోయాక దిగి, మొనల మీద వేలు పెట్టి చూశాను. ఒక్కొక్కటీ నువ్వు రుద్దావు కదా. అక్కడే నిలబడి ఏడ్చాను. చలికి చెంపల మీద కన్నీళ్ళు కోశాయి.

ఇంక దాచను. నేను రావడం లేదు. సంవత్సరం ఉంటానని ఆగస్టులోనే డాక్టరమ్మకు సంతకం పెట్టాను. టైర్ల కోసం నీకు రాసింది ఆ తర్వాతే. ఉత్తరం రాసిన ప్రతిసారీ ఆ మాట చివర్లో రాద్దామనుకున్నాను. చివరికి వచ్చేసరికి నీ అన్నం గురించి, చిన్నక్క గురించి రాసి ముగించాను.

ఎందుకు సంతకం పెట్టావంటే ఒక్క ముక్కలో చెప్పలేను. డోల్మా ఒక కారణం. అది పెద్ద కారణమా, సాకా, నాకే తెలియదు.

ఖమ్మంలో నేను డ్యూటీ చేసే దవాఖానాలోనే మన పాప ప్రాణం లేకుండా పుట్టింది. ఏ బల్ల మీద నేను ఇంతమందికి పురుడు పోశానో ఆ బల్ల మీదే. మణుగూరుకు వచ్చాక కాలనీలో ప్రతి ఒక్కరూ ఇంటికొచ్చి దేవుని చిత్తం అన్నారు. మళ్ళీ కంటావులే అన్నారు. నువ్వు మాత్రం ఏమీ అనలేదు. రెండు రోజులు ఇంట్లో కూర్చుని, మూడో రోజు షాపు తీశావు. రాత్రి వచ్చి అన్నం తిని గోడ వైపు తిరిగి పడుకునేవాడివి. ఆ ఇంట్లో నాకు ఊపిరి ఆడలేదు బావా. ఇక్కడ గాలి పలచన అంటారు. నాకు ఇక్కడే ఊపిరి అందుతోంది.

ఇక్కడ ఎవరికీ నా సంగతి తెలియదు. ఎవరూ జాలిపడరు. ఇది తప్పా?

మహిమ


మణుగూరు

మహిమకు,

నీ ఉత్తరం అందింది.

నేను షాపు తీశాను, నిజమే. ఇంట్లో కూర్చుంటే గోడలు మీద పడుతున్నాయి. నువ్వు మంచం మీద కళ్ళు మూసుకుని ఉన్నావు. నేను మాట్లాడితే నువ్వు ఏడుస్తావని భయపడి ఊరుకున్నాను. ఊరుకోవడం కూడా తప్పేనని ఇప్పుడు తెలిసింది.

ఆ చిన్న పెట్టె మోసింది నేను. నువ్వు ఖమ్మంలో మంచం మీద ఉన్నావు. నేను, హాతీరాం, ఫాదర్, అంతే. ఎవరినీ పట్టుకోనివ్వలేదు. బరువే లేదు మహిమా. చేతుల్లో ఏమీ లేనట్టు ఉంది. నువ్వు చూడలేదు కాబట్టి నీకు దూరంగా పోవడానికి ఒక చోటు దొరికింది. నేను రోజూ ఆ సమాధుల తోట ముందు నుంచే షాపుకు పోవాలి. వేరే దారి లేదు.

నువ్వు రావని తెలిస్తే ఆ టైర్లు చేసేవాణ్ణి కాదు. పెళ్ళాం వెళ్ళిపోవడానికి చక్రాలు చేసిచ్చిన మొగుణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. క్రిస్మస్‌కు నువ్వెక్కడ అని చర్చిలో అందరూ అడుగుతారు. ఏం చెప్పమంటావు?

అక్కడే ఉండు. నీ ఇష్టం వచ్చినన్నాళ్ళు ఉండు. నాకు ఇంక రాయకు.

జస్టిన్


లేహ్,
జనవరి 2004

బావా,

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. మేఘాలు కమ్మి విమానాలు దిగడం లేదు, టపా అంతా జమ్ములోనో ఢిల్లీలోనో ఆగిపోయిందని అంటున్నారు. అందుకే కాబోలు. లేకపోతే కోపమా? కోపమైనా సరే, ఇది చదువు. మబ్బు విడిచి మిలిటరీ విమానం దిగితే, దాంట్లో సెలవుకు పోయే జవాను చేతికి ఈ ఉత్తరం ఇస్తాను.

డోల్మాకు బిడ్డ పుట్టింది.

మధ్యాహ్నం ఆమె మరిది పరిగెత్తుకొచ్చాడు. గడ్డం నిండా మంచు. డాక్టరమ్మ జీపు తీసుకుని లేహ్‌కు పోయింది, కాంపౌండరు కూడా ఆమెతోనే. నేను పురుటి సంచి సైకిలు వెనక కట్టుకుని బయల్దేరాను. ఊరు దాటగానే మొదటి కాలువ. నీలంగా మెరుస్తోంది. దూరంగా ఒక మిలిటరీ లారీ గొలుసులు వేసుకుని కూడా పక్కకు జారి ఆగిపోయి ఉంది. అందులోని జవాన్లు నన్ను చూసి ఏదో అరిచారు. దిగమన్నారో, ఆగమన్నారో. నేను ఆగలేదు. నువ్వు రాసినట్టు మలుపుల్లో వాలకుండా, నిటారుగా, మెల్లగా తొక్కాను.

సగం దారిలో వెనక చక్రంలో గాలి పోతున్నట్టు తెలిసింది. ఏదో స్క్రూ తల పట్టీని కోసినట్టుంది. ఇంక అయిపోయిందనుకున్నాను. కానీ బావా, గాలి తగ్గేకొద్దీ టైరు నేలకు పరుచుకుని ఇంకా గట్టిగా పట్టుకుంది. బరువెక్కింది కానీ జారలేదు. చివర్లో గాలి పూర్తిగా పోయినా తొక్కుతూనే ఉన్నాను. రిమ్ము పాడైపోయిందేమో, నువ్వు చూస్తే తిడతావు.

నేను వెళ్ళేసరికి తల కనిపిస్తోంది. మెడకు పేగు చుట్టుకుని ఉంది. తప్పించాను. బిడ్డ బయటికొచ్చింది, ఏడవలేదు. నీలంగా ఉంది. ఆ గదిలో అందరూ మంత్రాలు చదవడం ఆపేశారు. పొయ్యిలో పిడక చిటపటమంటోంది, అంతే. నా చేతులు వాటంతట అవే పనిచేశాయి. నోరు తుడిచాను, వీపు రుద్దాను, ఊదాను. మళ్ళీ రుద్దాను. ఎంతసేపో తెలియదు. నాకు ఆ గది కనిపించడం లేదు బావా, ఖమ్మం బల్ల కనిపిస్తోంది. అప్పుడు నా చేతుల్లో ఆ బిడ్డ ముక్కు చిట్లించి, పిల్లికూనలా ఒక్క కూత పెట్టింది.

ఆడపిల్ల.

బయటికొచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆ క్షణంలో నాకు నువ్వు కావాలనిపించింది. డాక్టరమ్మ కాదు, అమ్మ కాదు. నువ్వు. సంవత్సరం ఉండలేనని, మంచుకు మూసుకుపోయిన కనుమ దారి తెరవగానే ఇంటికి పోతానని, ఇంకో నర్సును చూసుకోమని మర్నాడే డాక్టరమ్మకు చెప్పాను. ఆమె సరేనంది.

వచ్చేస్తాను బావా.

నీ
మహిమ


మణుగూరు,
ఫిబ్రవరి

మహీ, నా మహీ,

నేను ముందు రాసిన ఉత్తరం నీకు అందిందో లేదో. అందకపోతే దేవుడున్నాడు. అందితే విప్పకు. విప్పినా చదవకు. చించి పొయ్యిలో వెయ్యి. ఆ రోజు నాకు తిండి లేదు, నిద్ర లేదు, ఏం రాశానో నాకే తెలియదు.

నీ ఉత్తరం హాతీరాంకు చదివి వినిపించాను. "గాలి పోయినా తొక్కుకుంట పోయిందా?" అని అతను మళ్ళీ మళ్ళీ అడిగాడు. చిన్నక్క వచ్చినవాళ్ళందరికీ ఉత్త పుణ్యానికి టీ పోసింది. నన్ను పట్టుకుని, "పిల్లనిచ్చినవ్ రా, ఆడ ఒక తల్లికి పిల్లనిచ్చినవ్" అని ఏడ్చింది. నేను ఇక్కడ కూర్చుని స్క్రూలు తిప్పాను. ఇచ్చింది నువ్వు.

రిమ్ము సంగతి వదిలెయ్యి. దారి ఎప్పుడు తెరుస్తారు? ఖమ్మం స్టేషన్‌కు నేనే వస్తాను. మనింటికి సున్నం వేయిస్తున్నాను. మంచం అవతలి గదిలోకి మార్చాను, అక్కడ గాలి బాగా వస్తుంది. ఇంక పాత సంగతులు ఏవీ మాట్లాడుకోవద్దు. ఏమీ జరగనట్టే కొత్తగా మొదలుపెడదాం.

జల్దీ వచ్చెయ్యి.

నీ జస్టిన్


లేహ్,
మార్చి

బావా,

నీ ఉత్తరాలు రెండూ ఒకే రోజు వచ్చాయి. ఆగిపోయిన టపా అంతా ఒకేసారి తెచ్చి పోశారు. ఏది ముందుదో తెలియక చేతికి అందింది విప్పాను. అది నువ్వు చించమన్నదే.

ఇప్పుడు రెండూ నా ముందున్నాయి. ఒకదాంట్లో నాకు రాయకు అన్నావు. ఒకదాంట్లో జల్దీ రా అన్నావు. రెండూ నీ చేతిరాతే. తర్వాత రాసిందే నిజమనుకోవాలని నాకు తెలుసు. ఇంటికి రమ్మని పిలిచింది అదే. కానీ నేను మళ్ళీ మళ్ళీ చదువుతున్నది మొదటిదే.

ఎందుకంటే, ఆ చిన్న పెట్టెకు బరువే లేదని నువ్వు నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఎవరినీ పట్టుకోనివ్వలేదని చెప్పలేదు. నేను చూడలేదు, నిజమే. నాకు చూపించలేదు. లేవగలిగాక నేను అడగలేదు, నువ్వు అనలేదు. ఇన్నాళ్ళూ పాప కోసం నేనొక్కదాన్నే ఏడుస్తున్నాననుకున్నాను. కోపంతో రాసిన ఆ కాగితంలో నువ్వు నా పక్కన కూర్చున్నట్టుంది. సంతోషంతో రాసిన దాంట్లో మళ్ళీ గోడ వైపు తిరిగి పడుకున్నట్టుంది. ఏమీ జరగనట్టు మొదలుపెడదామన్నావు. జరిగింది కదా బావా.

ఆ ఉత్తరం చించను.

వస్తానని నీకు రాశాను. డాక్టరమ్మకు చెప్పాను. ఇప్పుడు తెలియడం లేదు. సున్నం వేసిన ఇంట్లోకి వచ్చి మళ్ళీ ఇద్దరం ఊరుకుంటే, ఈసారి నేను ఏ కొండలకు పారిపోవాలి? రాకపోతే నిన్ను ఆ దారిలో రోజూ ఒంటరిగా నడిపించినదాన్ని అవుతాను. సంచి సర్దుతున్నాను, మళ్ళీ విప్పుతున్నాను. డాక్టరమ్మ చూసి నవ్వుతోంది, నాకు నవ్వు రావడం లేదు.

కొత్త నర్సు దొరకలేదు. నువ్వేమంటావో చెప్పు. ఆలోచించి చెప్పు. నన్ను సంతోషపెట్టడానికి మాత్రం రాయకు.

మహిమ


సోన్‌మార్గ్,
మే

మహీ,

పైన రాసిన ఊరి పేరు చూసి కంగారుపడకు. సరిగ్గానే రాశాను. నేను శ్రీనగర్ దాటి వచ్చాను. ఇక్కడి నుంచి కనుమ ఎక్కితే అవతల కార్గిల్, తర్వాత మీరు. కనుమ మీద మంచు ఇంకా తొలగిస్తున్నారు. రోడ్డు పొడుగునా లారీలు వరస కట్టి ఉన్నాయి. అందులో ఉల్లిగడ్డల లారీ ఒకటి నాది. నాది అంటే, ఆ డ్రైవరు నన్ను ఎక్కించుకున్నాడు. కనుమకు ఇవతల క్లీనరుకు కాలు బెణికింది, టైర్ల పని తెలిసినవాడు కావాలన్నాడు.

నీ మార్చి ఉత్తరానికి జవాబు రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. "రా" అని రాస్తే నా కోసం అడిగినట్టుంది. "ఉండు" అని రాస్తే మళ్ళీ కోపంలా ఉంది. ఆలోచించి చెప్పమన్నావు. ఆలోచిస్తే ఇంకా గజిబిజి అయింది. ఒకరోజు హాతీరాం నా చేతిలో కలం లాగేసి, "కాయిదం మీద కాదు తమ్మీ, పోయి మాట్లాడు" అన్నాడు. "మాట్లాడుడు నాకు రాదు" అన్నాను. "రాకుంటే ఆమె ముంగట కూసొని నేర్చుకో" అన్నాడు.

షాపు అతని తమ్ముడు కోటేష్‌కు అప్పగించాను. ఏన్కూరు తండాలో వ్యవసాయం కలిసిరాక అతనూ పని వెతుక్కుంటున్నాడు. వచ్చే ఏడాది వానాకాలం దాకా అతనే చూసుకుంటాడు. అంటే రాబోయే చలికాలం కూడా నేను నీ దగ్గరే ఉండొచ్చు, నువ్వు ఉంటానంటే. నువ్వు వచ్చేద్దామంటే ఇద్దరం కలిసి వచ్చేద్దాం. నువ్వు నన్ను రమ్మనలేదు, అది నాకు తెలుసు. వద్దని కూడా అనలేదు.

బయల్దేరే ముందు రోజు సమాధుల తోటకు పోయాను. ఎప్పుడూ దాని ముందు నుంచి పోవడమే, పాపను పెట్టొచ్చాక లోపలికి పోవడం అదే మొదటిసారి. గడ్డి పెరిగి చోటు కనిపించలేదు. వెతికాను. దొరికాక గడ్డి పీకి చాలాసేపు కూర్చున్నాను. కూర్చుంటే నీ మాట అర్థమైంది. కొత్తగా మొదలుపెట్టడం కుదరదు. ఉన్నచోటు నుంచే మొదలుపెట్టాలి.

భయంగా ఉంది మహీ. చలికి కాదు. నీ ముందుకొచ్చి మళ్ళీ నోరు పెగలకపోతే ఎట్లా అని. అట్లా అయితే నువ్వు నన్ను వదిలెయ్యకు, అడుగు. గుచ్చి గుచ్చి అడుగు. నేను చెబుతాను.

ఇంకొక్క మాట. పాప పుట్టకముందు నేనొక పేరు అనుకున్నాను. ఆడపిల్లయితే అదే పెట్టాలని. నీకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు తోటలో ఫాదర్ "పేరేమైనా అనుకున్నారా?" అని అడిగితే తల అడ్డంగా ఊపాను. ఇప్పుడు ఆ పేరు ఇక్కడ రాద్దామని మొదలుపెట్టి కలం ఆపాను. దాన్ని నువ్వు కాగితం మీద చదవకూడదు. నీ ముందు కూర్చుని నేను పైకి అనాలి. తర్వాత నువ్వు ఒకసారి అనాలి.

ముందున్న లారీలు స్టార్టు చేస్తున్నారు. డ్రైవరు పిలుస్తున్నాడు.

జస్టిన్